పాలు పొంగిన ఇల్లు

కిందటి వారం లక్ష్మీప్రియను మనం ఒక గడప ముందు నిలబెట్టి వచ్చాం. పాపం, వారం నుంచి అక్కడే ఉంది. లోపలికి పంపే ముందు, ఆ గడప దాకా ఎట్లా వచ్చిందో కొత్తగా చేరిన పాఠకుల కోసం నాలుగు మాటలు.

కర్నూలు దాటి, కల్లూరు కూడా దాటి, షేర్ ఆటోవాళ్లు విసుక్కుంటూ వెళ్లేంత దూరంలో పెద్దరాళ్లపాడు అనే చిన్న మునిసిపాలిటీ ఉంది. అక్కడ పేదలకు కట్టిన ఇళ్ల కాలనీకి ఆఫీసు పెట్టిన పేరు వెలుగునగర్. జనం పెట్టిన పేరు బండకాలనీ. పేర్లు పెట్టడంలో జనమే నిజాయితీపరులు. అక్కడ ఎంత లోతుకు బోరు వేసినా రాతిపొడి తప్ప చుక్క నీరు పడలేదు. ఇళ్లు లేచాయి, గోడలకు రంగులు పడ్డాయి, మనుషులు మాత్రం రాలేదు. ఆఫీసువారు మాత్రం అందరూ కాపురం ఉంటున్నట్టే పైకి చెప్పేశారు. ఇప్పుడు ఆ కాపురాలను కళ్లారా చూడటానికి ఢిల్లీ నుంచి పార్లమెంటు కమిటీ వస్తోంది.

డిప్యూటీ ఇంజనీరు శ్రీనివాసులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక్క పూట ఇళ్లు నింపాలి. ఇళ్లు వచ్చినవాళ్లను బతిమాలి, మంచాలూ బిందెలూ వేసుకుని ఆ పూటకు రమ్మన్నాడు. చాలామంది ఒప్పుకున్నారు. కార్లు ఆగే మలుపులో ఉన్న పద్నాలుగో నంబరు ఇంటి మనిషి నవీన్ మాత్రం బెంగళూరులో క్యాబ్ నడుపుకుంటూ రానన్నాడు. అతని ఇంటి తాళం ఆఫీసులోనే ఉంది. ఆ ఇంట్లో కూర్చోబెట్టడానికి మనిషి కావలసివచ్చింది. ఆ పని మన లక్ష్మీప్రియ మీద పడింది. ఆమె ఆ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు.

ఆమె ఎంచుకున్నది తిరుపతమ్మను. ఆఫీసు గేటు పక్కన బండి పెట్టుకుని ఉగ్గాని, బజ్జీలు అమ్మే మనిషి. మూడుసార్లు ఇంటికి అర్జీ పెట్టుకుంది, మూడుసార్లూ రాలేదు. లక్ష్మీప్రియ రోజూ పొద్దున ఆమె చేతి ఉగ్గానే తింటుంది. ఒక పూట నటించమని అడుగుదామనుకుంది. శ్రీనివాసులు వద్దన్నాడు. "నటించమంటే నవ్వేస్తాదమ్మా ఆమె. ఇల్లొచ్చిందనే చెప్పు. మొగంలో సంతోషం దాని పాటికి అదే వస్తాది," అన్నాడు. లక్ష్మీప్రియ అట్లాగే చెప్పి, తాళంచెవి చేతికిచ్చింది. సాయంత్రానికి నిజం చెప్పి, చేతులు పట్టుకుని బతిమాలుకోవచ్చు అనుకుంది.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే ఇల్లు సర్ది ఉందో లేదో చూడటానికి వెళితే, పద్నాలుగో నంబరు గుమ్మానికి మామిడాకుల తోరణం. గడపకు పసుపు. గడపకు అటువైపు కొత్త చీరలో తిరుపతమ్మ. చేతిలో పాలగిన్నె.

"సరింగ్గా వచ్చినావు తల్లీ. రామ్మా, కుడికాలు పెట్టి రా. పాలు నువ్వే పొంగియ్యల్ల. మాకు ఆడపిల్ల లేదు. మా ఇంటి ఆడబిడ్డవు నువ్వే."

అక్కడే ఆగాం కదూ. ఇక పదండి.

*

లక్ష్మీప్రియ కాలు కదల్లేదు.

ఇళ్లు కట్టించడం ఆమె ఉద్యోగం. ఎన్ని పునాదులు తీయించిందో, ఎన్ని శ్లాబులు పోయించిందో ఆమెకే లెక్క తెలియదు. మైదుకూరు దగ్గర రైతుల ఇంట పుట్టిన పిల్ల. వాళ్ల పెదనాన్న ఇల్లు కట్టుకున్నప్పుడు పాలు పొంగించింది వాళ్ల అత్తే. ఆ రోజు అత్తకు పెట్టిన పట్టుచీర రంగు కూడా ఈమెకు గుర్తుంది. ఇల్లు చేతికి వస్తే మనవాళ్లు చేసే మొదటి పని పాలు పొంగించడమని ఈ పిల్లకు తెలియదా? తెలుసు. ఇల్లంటే నంబరు, కొలత, దశ అని చూసి చూసి, తెలిసిన సంగతి సమయానికి గుర్తురాలేదు. షామియానావాడి దగ్గర కుర్చీలు తెచ్చినట్టు ఇంటిని ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చని అనుకుంది.

"ఏంటికమ్మా అట్ల నిలబడినావు? ఎండ ఎక్కుతాండాది," అంది తిరుపతమ్మ.

"అక్కా, ఈ పొద్దు వీళ్లొచ్చి చూసి పోతారనే కదా నేను చెప్పింది. పాలు గీలు ఇప్పుడే ఎందుకు? నిదానంగా మంచి రోజు చూసుకుని..."

"చూపిచ్చినాంలే. అయ్యవారు ఈ పొద్దే శానా బాగుండాదన్నాడు. తెల్లారకముందే రావల్లంటే ఆటో దొరకలేదు." తిరుపతమ్మ గొంతు తగ్గించి, నవ్వు ఆపుకుంటూ, "సామానంతా తెచ్చేసినాంలే" అంది.

లక్ష్మీప్రియ అప్పుడు లోపలికి చూసింది. గోడ వారగా రేకు పెట్టె, చుట్టిన పరుపు, అటక మీద పెట్టాల్సిన ఇత్తడి బిందెలు, తలకిందులుగా పెట్టిన రోలు. రోలు కూడా తెచ్చారు. నాపరాయి బండల నేల మీద గోడకు ఆనుకుని ఓబులేసు కూర్చుని ఉన్నాడు. తిరుపతమ్మ మొగుడు. బేతంచెర్ల గనుల్లో ఆ నాపరాళ్లే కోసి కోసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. రెండు మాటలకు ఒకసారి దగ్గుతాడు.

"అక్కా, మరి మీ రూము?"

"రామకోటయ్య శెట్టికి తాళం చెవి ఇచ్చేస్తిమి గదా నిన్న మాపటికే. పాలు పొంగిన ఇల్లు ఇడిసిపెట్టి పాత కొంపకు పోయి పండుకుంటారా ఎవురన్నా? శెట్టి గూడా మంచోడే. పోనీలే, సొంతింటికి పోతాండారు, సంతోషం అన్నాడు. ఆ రూములో అప్పుడే ఎవురో మెకానిక్కు మొగుడూ పెండ్లాం దిగినారు."

 సాయంత్రం చేతులు పట్టుకుని బతిమాలుకుందామని లక్ష్మీప్రియ అనుకున్నది, ఒక పూట సంతోషాన్ని వెనక్కి తీసుకోవడం గురించి. ఇప్పుడు వెనక్కి తీసుకోవలసింది తల దాచుకునే చోటు. ఈ రాత్రి ఈ ముసలిమనిషి ఈ రోలూ ఈ పరుపూ పెట్టుకుని ఎక్కడ దగ్గుతాడు?

చెప్పెయ్యి, అని మనసు పోరుపెట్టింది. ఇప్పుడే, గడప ఇవతల ఉండగానే చెప్పెయ్యి. పాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"అక్కా, నేనొక మాట..."

చేతిలో ఫోను మోగింది. డీఈ శ్రీనివాసులు. "యాడుండావమ్మా? కల్లూరు దాటినారంట. ఇంగ వచ్చేసినట్టే. మొదట ఆగేది పద్నాలుగో నంబరు కాడనే. ఆమె రెడీగా ఉండాదా?"

"ఉంది సార్," అంది లక్ష్మీప్రియ. 

ఫోను పెట్టేసింది. తిరుపతమ్మ గిన్నె పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉంది. ధైర్యం అనేది కూడా అలవాటై ఉండాలి. ఐదేళ్ల ఉద్యోగంలో లక్ష్మీప్రియకు అలవాటైంది 'సరే సార్' ఒక్కటే. చెప్పులు విప్పింది. కుడికాలు ముందు పెట్టింది.

కొత్త పొయ్యి, కొత్త గిన్నె, మూడువైపులా కుంకుమ బొట్లు. లక్ష్మీప్రియ తన చేతులతోనే పాలు పోసింది, తన చేతులతోనే స్టవ్ వెలిగించింది. పక్కన నిలబడి తిరుపతమ్మ కళ్లార్పకుండా చూస్తోంది. ఓబులేసు గోడ పట్టుకుని లేచి వచ్చాడు. ఎక్కడ పాలు సరిగా పొంగవోనని వాళ్లిద్దరికీ భయం. ఎక్కడ పొంగుతాయోనని ఈమెకు భయం.

పొంగాయి. తూర్పువైపుకే పొంగి గిన్నె అంచు దాటి స్టవ్ మీద, గట్టు మీద, గట్టు దిగి నేల మీద పారాయి. తిరుపతమ్మ రెండు చేతులూ జోడించింది. "చూడయ్యో, తూర్పుకు పొంగినాయి" అంది మొగుడితో. ఓబులేసు ఏదో అనబోయి దగ్గాడు. దగ్గు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. ఆ నీళ్లు దగ్గువల్ల వచ్చినవో మరెందువల్ల వచ్చినవో లక్ష్మీప్రియ తెలుసుకోదలచుకోలేదు. తల దించుకుంది.

తిరుపతమ్మ ఆమె నుదుట కుంకుమ పెట్టి, చేతిలో పసుపు, తమలపాకులు, ఆకుపచ్చ రవికగుడ్డ పెట్టింది. "పట్టుచీర పెట్టే స్థోమత లేదమ్మా. మనసులో మాత్రం పట్టుచీరే పెట్టినా అనుకో."

ఈ మాటకు బదులు ఆమె చెంప పగలగొట్టి ఉంటే లక్ష్మీప్రియ ఎంతో సుఖపడేది.

*

శ్రీనివాసులు జీపు ముందుగా వచ్చింది. కొత్త చొక్కా, జేబులో రెండు పెన్నులు. గుమ్మంలో తోరణం చూసి మురిసిపోయాడు.

"భలే చేసినావమ్మా! తోరణాలు గూడా కట్టించినావే!"

లక్ష్మీప్రియ అతన్ని ఇంటి వెనక్కి పిలుచుకుపోయింది. అక్కడ సిమెంటు తొట్టి ఉంది. తెల్లవారుజామున ట్యాంకరుతో నింపించారు, కొళాయి తిప్పితే నీళ్లు పడాలని. కాలనీ అవతల కంపచెట్లు, వాటి అవతల ఎండిన కందిచేలు. గాలి అప్పుడే వేడిగా కొడుతోంది.

"సార్, నేను కట్టించలేదు. వాళ్లే కట్టుకున్నారు. గృహప్రవేశం చేసుకున్నారు సార్ వాళ్లు. ఉన్న రూము ఖాళీ చేసేసి వచ్చినారు. అందులో వేరేవాళ్లు దిగినారంట కూడా."

శ్రీనివాసులు ముఖంలో మురిపెం పోయింది. చెడ్డవాడైతే కథ రాసేవాడికి సుఖంగా ఉండేది. కాదు. తలుపు సందులోంచి ఒకసారి లోపలికి చూశాడు. రోలును చూశాడు.

"అయ్యో. రోలు గూడా తెచ్చుకున్నారే," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"ఇప్పుడేం చేసేటట్టు లేదు. కార్లొస్తాండాయి. సాయంత్రం చూద్దాం. ఎవురినన్నా అడిగి ఒక రూము చూద్దాం. మలి విడతలో ఆమె పేరు మొదట పెడదాం. నా మాట."

"మూడుసార్లు ఇదే మాట చెప్పినాం సార్ ఆమెకు. ఒకసారి నేనే చెప్పినా."

శ్రీనివాసులు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "చూడమ్మా. నీకు ఎంత బాధుండాదో నాకూ అంత ఉండాది. అయితే ఒకటి ఆలోచించు. ఈ కమిటీ వాళ్లు ఈ కాలనీ ఖాళీగా ఉండాదని చూస్తే, దండగ ఖర్చు అని రాసి పోతారు. ఇంగ పైపులైనుకు రూపాయి రాదు. జనం ఉండి నీళ్లకు అల్లాడతాండారని చూస్తేనే కదా నీళ్లిప్పియ్యమంటారు? నీళ్లొస్తే ఇన్ని ఇండ్లూ బతుకుతాయి. ఒక తిరుపతమ్మ కోసం అన్ని ఇండ్లూ పాడు పెడతామా?"

 వారం రోజులుగా లక్ష్మీప్రియ తనకు తాను చెప్పుకుంటున్నది ఈ మాటే. ఇన్ని రోజులూ అది న్యాయంగానే వినపడింది. కాలి వేళ్లకు అంటుకున్న పాలు ఆరి బిగుసుకుంటుంటే ఇవాళ అట్లా వినపడటం లేదు.

"కమిటీ పెద్దాయనకు తెలుగు రాదు," అన్నాడు శ్రీనివాసులు కళ్లజోడు పెట్టుకుంటూ. "నా ఇంగిలీషు సంగతి నీకు తెలుసు. ఆమె చెప్పింది నువ్వే వాళ్లకు చెప్పల్ల. చూసి చెప్పు."

'చూసి' అన్న చోట కొంచెం ఒత్తాడు. ఆ ఒత్తు అర్థం కానంత చిన్నపిల్ల కాదు లక్ష్మీప్రియ.

*

కార్లు వచ్చాయి. దుమ్ము సర్దుకున్నాక మనుషులు దిగారు. కమిటీ అధ్యక్షుడు ఉత్తరాది పెద్దాయన. నెరిసిన జుట్టు, భుజాన గుడ్డ సంచి, చేతికర్ర. పెద్ద అధికారుల హడావిడి ఆయన చుట్టూ ఉంది గాని ఆయనలో లేదు. కర్రతో నేలను రెండుచోట్ల తట్టి చూసి, ఇదంతా రాయేనా అని ఇంగ్లీషులో అడిగాడు. అవునన్నారు. ఆయన వెంట ఉన్న సభ్యుల్లో యశోద అనే ఆవిడ మైసూరు ప్రాంతం నుంచి వచ్చింది. నూలు చీర, పెద్ద బొట్టు. ఆవిడకు తెలుగు రాదు. అయితే గుమ్మం ముందు ఆగి, వంగి, గడపకు పూసిన పసుపును వేలితో తాకింది. తడిగా ఉంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

తిరుపతమ్మ అందరికీ దణ్ణాలు పెట్టింది. ఉన్న ఒక్క చాప పరిచింది. అధ్యక్షుడు మోకాళ్లు సహకరించక రేకు పెట్టె మీద కూర్చున్నాడు. శ్రీనివాసులు గోడకు చేరి నిలబడ్డాడు. లక్ష్మీప్రియ పెద్దాయనకూ తిరుపతమ్మకూ మధ్యలో.

ఈ ఇంట్లో ఎన్నాళ్లుగా ఉంటున్నారు, అని ఆయన మొదటి ప్రశ్న. లక్ష్మీప్రియ దాన్ని తెలుగులో అడిగింది. నిన్న నేర్పించిన జవాబు ఉంది. ఏడాదైందని చెప్పాలి. ఆఫీసుకు మాట రాకుండా ఉండటానికి అట్లా చెప్పమని లక్ష్మీప్రియే బతిమాలింది, తిరుపతమ్మ సరేనంది.

తిరుపతమ్మ ఒకసారి పొయ్యి వైపు చూసి, లక్ష్మీప్రియ దగ్గరికి జరిగి చిన్నగా అంది. "ఏడాదని చెప్పమంటివి గానీ, పాలు పొంగినాంక ఈ ఇంట్లో మొదటి మాట అబద్ధం ఆడలేనమ్మా. మంచిది గాదు. ఈ పొద్దే చేరినామని చెప్పు. నీకేం మాట రాకుండా నేను నాలుగు మంచి మాటలు జేర్చి చెప్తాలే."

శ్రీనివాసులు దగ్గాడు. ఓబులేసు దగ్గు లాంటిది కాదు అది.

"సుమారు ఏడాదిగా ఉంటున్నారట," అంది లక్ష్మీప్రియ ఇంగ్లీషులో.

చెప్పడం ఇంత సులభమా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. అధ్యక్షుడు తల ఊపాడు. ఆయన తల ఊపడం చూసి, తన నిజం ఆయనకు చేరిందనుకుని తిరుపతమ్మ కూడా సంతోషంగా తల ఊపింది. ఆమె నిజం ఈమె నోటి దాకా వచ్చి అబద్ధమై బయటపడుతోంది. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు తానైనందుకు లక్ష్మీప్రియకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

నీళ్ల సంగతి ఏమిటని రెండో ప్రశ్న.

"ఈ పొద్దు కొళాయిలో వస్తాండాయి, దేవుని దయ. రేపటి సంగతి నాకు తెల్దు. రాకుంటే ఏమిలేమ్మా, బండి మీద తెచ్చుకుంటాం. సొంతిల్లుండాది, నీళ్లకేముంది, మోసుకుంటాం."

"నీళ్లకు ఇబ్బందిగానే ఉందట. పైపులైను వేయిస్తే మేలంటోంది." ఇది సగం నిజం. నాలుక దీనికి తడబడలేదు. శ్రీనివాసులు భుజాలు కిందికి దిగాయి. అధ్యక్షుడు పక్కనున్న మనిషితో పైపులైను గురించి ఏదో చెప్పి రాసుకోమన్నాడు. పని అయిపోతోంది. ఇంకో నాలుగు నిమిషాలు ఇట్లా గడిస్తే కార్లు కదులుతాయి. పైపులైను వస్తుంది. అన్ని ఇళ్లూ బతుకుతాయి.

యశోద మాత్రం వంటగట్టు దగ్గర నిలబడి ఉంది. గట్టు దిగి పారిన పాలను చూస్తోంది. స్టవ్ మీది గిన్నెను, దానికి పెట్టిన కుంకుమ బొట్లను చూసింది. గోడ వారన విప్పని మూటలను చూసింది. ఆవిడకు తెలుగు రాకపోవచ్చు, పాలు ఎందుకు పొంగిస్తారో మాత్రం వచ్చు. ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా లక్ష్మీప్రియను అడిగింది: మా వైపు కూడా ఇట్లాగే పాలు పొంగిస్తాం, ఇంట్లోకి మొదట అడుగుపెట్టిన రోజున. మీ వైపు ఏడాదికోసారి పొంగిస్తారా?

 అర్థమైనవాళ్లు అర్థమై మాట్లాడలేదు, అర్థం కానివాళ్లు అర్థం కాక మాట్లాడలేదు.

తిరుపతమ్మకు తెలిసిందల్లా ఆ అమ్మ పాలను చూసిందని. ముఖమంతా వెలిగిపోయింది. గబగబా పెట్టె పక్కనుంచి ఇంకో రవికగుడ్డ తీసి, పసుపు కుంకుమతో యశోద చేతిలో పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. ఆవిడ ఆపి భుజాలు పట్టుకుంది. ఇక తిరుపతమ్మ ఆగలేదు.

"చెప్పమ్మా ఈ తల్లికి. పాలు పొంగిచ్చింది ఎవురో చెప్పు. నువ్వే అని చెప్పు. ఇంతమంది ఆఫీసర్లు నా బండి కాడ తిని పోతారు, ఎవురూ ఎప్పుడూ నీకు ఇల్లుండాదా అని అడగలేదు. ఈ పాప అడిగింది. నాకు ఇల్లిచ్చింది. కడుపున పుట్టిన బిడ్డ గూడా ఇంత చెయ్యదు. మా ఆయన ఒకటే అంటాండాడు రాత్రి నుంచి, ఇంగ నేను సొంత గోడకు ఆనుకుని పోతా, నాకు బెంగ లేదు అని. చెప్పమ్మా, చెప్పు. సిగ్గుపడద్దు. నీ గురించి నువ్వు చెప్పుకునేదానికి సిగ్గయితాండాది గానీ, నా కోసరం చెప్పు."

ఓబులేసు గోడకు ఆనుకునే ఉన్నాడు. ఆ మాట విని, అరచేత్తో గోడను ఒకసారి నిమిరాడు.

లక్ష్మీప్రియ ఆ చెయ్యి చూసింది. ఏం చెప్పింది ఆమె, అని అధ్యక్షుడు అడుగుతున్నాడు. గోడవారనుంచి శ్రీనివాసులు చూపు ఆమెను వదలడం లేదు. ఆ చూపులో కోపం లేదు. బతిమాలడమే ఉంది.

లక్ష్మీప్రియ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి తిరుపతమ్మ అన్నది అన్నట్టే ఇంగ్లీషులోకి పెట్టింది. ఉగ్గాని బండి, పాలు, ఆడబిడ్డ, కడుపున పుట్టిన బిడ్డ, గోడకు ఆనుకుని పోవడం, ఒక్క మాట వదలలేదు. చెప్పడం అయ్యాక ఒక క్షణం ఆగింది. ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేకపోయింది.

"ఇంతవరకు ఆమె మాట. ఇక నా మాట," అంది. "ఆమె ఏడాది అనలేదు. ఈ రోజే చేరామని చెప్పింది. నేను మార్చాను. ఈ ఇల్లు ఆమెది కాదు. వేరే అతనిది. ఈ కాలనీలో ఎవరూ కాపురం ఉండటం లేదు, మీ కోసం ఈ పూటకు వచ్చారు. ఇల్లు వచ్చిందని ఆమెకు అబద్ధం చెప్పి ఇక్కడ కూర్చోబెట్టింది నేను. ఆమె నమ్మి, ఉన్న గది వదులుకుని వచ్చేసింది. ఈ పాలు నేనే పొంగించాను."

గొంతు ఎక్కడా వణకలేదు. ఇంగ్లీషు ఆమెకు చదువుకున్న భాష, ఆఫీసు భాష. ఆ భాషలో ఎంతటి మాటైనా కాస్త దూరంగానే ఉంటుంది. చెప్పేశాక ఛాతీ మీంచి బండ దించినట్టనిపించింది. హమ్మయ్య అని ఊపిరి కూడా పీల్చుకుంది. శ్రీనివాసులు గోడకు జారగిలబడి కళ్లు మూసుకున్నాడు. బయట ఉన్న పెద్ద అధికారి ఎవరో అప్పుడే ఫోను చెవికి పెట్టుకుని దూరంగా వెళ్లిపోయాడు.

 అధ్యక్షుడు కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి ఆమెనే చూశాడు. మెచ్చుకుంటాడేమో, మండిపడతాడేమో అనుకున్నారు అందరూ. ఆయన రెండూ చేయలేదు. తిరుపతమ్మ వైపు చూశాడు. ఆ ఇల్లాలు ఇంకా నవ్వుతూనే ఉంది. తన మాటలన్నీ ఇంగ్లీషులో ఎంత పొడుగ్గా, ఎంత బాగా చెప్పిందో తన ఆడబిడ్డ అని ఆమె ముఖం నిండా గర్వం.

ఆయన లక్ష్మీప్రియ వైపు తిరిగి, మెల్లగా, ఒక్కొక్క మాటే అన్నాడు. మాకు చెప్పావు, మంచిది, మేము రాసుకుంటాం. నువ్వు తప్పు చేసింది మా పట్ల కాదు కదా. ఇప్పుడు ఇదంతా ఆమెకు, ఆమె భాషలో చెప్పు. మేము ఇక్కడే కూర్చుంటాం.

 లక్ష్మీప్రియ దించుకున్నాననుకున్న బండ ఎక్కడికీ పోలేదు. చేతిలో ఆకుపచ్చ రవికగుడ్డ ఇంకా అట్లాగే ఉంది, నలిగి, చెమటకు తడిసి. ఈ మాటలకు తెలుగు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఉగ్గాని పొట్లం చేతికిచ్చే మనిషితో రోజూ మాట్లాడే తెలుగే. అందులో దాక్కోవడానికి చోటు లేదు.

తిరుపతమ్మ దగ్గరకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. అరచేతికి పసుపు తడి తగిలింది.

"ఏమంటాండాడమ్మా పెద్దాయన? ఇల్లు బాగుండాదంటనా?"